పాత సామాను తోటలోకి: మట్టి పోసే ముందు బోర్లించి చూడండి

మీరు అడిగింది ఇదీ: నాలుగు సొరుగుల బల్ల ఒకటి, చేతుల కుర్చీలు రెండు, ఒక ఇనుప మంచం, ఒక కంప్యూటర్ టేబుల్, తలుపు సరిగ్గా పడని స్టీలు బీరువా ఉన్నాయి. పారెయ్యడానికి మనసు ఒప్పడం లేదు, ఇంట్లో చోటూ లేదు. తోటలో వీటిని ఎలా వాడొచ్చు, ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఏ పెయింటు వేయాలి?

పెయింటు సంగతి చివర్లో చెప్తాను. అందరూ ముందు అదే అడుగుతారు గానీ, చేసే వరసలో అది ఆఖరి పని. పాత చెక్క సామాను బాగుచేయడం ఇరవై ఏళ్ళుగా నా పని, మొక్కలు నా పిచ్చి. రెండూ కలిపి చేసిన తప్పులు బోలెడు. వాటిలోంచి నాకు మిగిలిన మాట ఒక్కటే: చెక్కలో మట్టి పోయకండి, చెక్కలో కుండీ పెట్టండి. ఈ తేడా పాటిస్తే మీ సామాను ఆయుష్షు రెండు మూడు రెట్లవుతుంది. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఒక్కో వస్తువునీ బోర్లించండి. పైభాగం చూస్తే ఏమీ తెలియదు, అక్కడ పాలిష్ ఉంటుంది, సన్‌మైకా ఉంటుంది. కోళ్ళ (కాళ్ళ) అడుగున, సొరుగు వెనక అంచున, స్క్రూ ఊడిన చోట అసలు రంగు బయటపడుతుంది. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదికి కూడా సాగితే అది అసలు చెక్క. అంచున సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే ప్లైవుడ్. రంపపు పొట్టును జిగురుతో అదిమినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. గీతా గింజా ఏమీ లేకుండా మందపాటి గోధుమరంగు అట్టలా ఉంటే ఎండీఎఫ్.

మీ కంప్యూటర్ టేబుల్ తొంభై శాతం ఆ చివరి రెండిట్లో ఏదో ఒకటే అయ్యుంటుంది. అలా అయితే దాన్ని తోటలోకి తేకండి. నేను ఒకసారి తెచ్చాను. అన్ని వైపులా మూడు కోట్లు పెయింటు కొట్టి, ఎండలో ఆరబెట్టి, మొక్కల స్టాండుగా పెట్టాను. స్క్రూ బెజ్జాల్లోంచి తడి ఎక్కింది. నెల తిరిగేసరికి కోళ్ళ దగ్గర ఉబ్బింది, రెండో నెలలో నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. సాధారణంగా ఆ పొట్టును పట్టి ఉంచేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. తడి తగులుతూ ఉంటే అది విడిపోతుంది, పైన ఎంత పెయింటు ఉన్నా లాభం లేదు. దాన్ని చలిమంటలోనూ వేయకండి, ఆ పొగ మంచిది కాదు. అయితే దానికి చక్రాలుంటే విప్పి దాచండి. ఒక మందపాటి పలక ముక్కకు నాలుగు చక్రాలు బిగిస్తే పెద్ద కుండీని నడుం పట్టెయ్యకుండా ఎండలోకీ నీడలోకీ తోసుకోవచ్చు. నా తోటలో ఎక్కువగా వాడే వస్తువు అదే.

బోర్లించినప్పుడే ఇంకొకటి కూడా చూడండి. టాల్కమ్ పౌడరులా మెత్తటి పొడి రాలుతూ, గుండుసూది తలంత బెజ్జాలు కనిపిస్తే లోపల పురుగు బతికే ఉంది. అలాంటిది మిగతా చెక్క సామాను పక్కన పెట్టకండి. మట్టి గొట్టాల్లాంటి దారులు కనిపిస్తే చెదలు. చెదపట్టిన వస్తువును మళ్ళీ మట్టి మీద పెట్టడమంటే వాటిని పిలిచి భోజనం పెట్టడమే.

ఇప్పుడు సొరుగుల బల్ల. సొరుగుల్ని మెట్లలా ఒకదానికంటే ఒకటి ముందుకు లాగి, వాటిలో మట్టి పోసి పూలు పెంచే ఫొటో మీరూ చూసే ఉంటారు. మీ మనసులో ఉన్నదీ అదే అనుకుంటున్నాను. లెక్క వేసి చూద్దాం. 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 15 లోతు ఉన్న సొరుగులో దాదాపు 24 లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన తోటమట్టి లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. అంటే ఒక్కో సొరుగు 35 కిలోలు. ఆ సొరుగు అడుగున ఉండేది మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లై షీటు, చుట్టూ గాడిలోకి తోసి పెడతారు. బట్టలు మోయడానికి చేసింది. నా మొదటి సొరుగు తోట మూడో వారంలో, పొద్దున నీళ్ళు పోసి వెనక్కి తిరిగానో లేదో, దభీమని అడుగు ఊడి కింది సొరుగు మీద పడింది. కింది సొరుగు అడుగు కూడా ఊడింది.

పైగా సొరుగులన్నీ ముందుకు లాగేసరికి బరువంతా ముందుకు వస్తుంది. పిల్లాడు ఒకడు పై సొరుగు పట్టుకుని వేలాడితే బల్ల మీద పడుతుంది. తప్పనిసరిగా అలాగే చేయాలనుకుంటే బల్ల వీపును గోడకు స్క్రూలతో బిగించండి. అన్నిటికంటే కింది సొరుగే ఎక్కువ బయటికి ఉండేలా చూడండి.

నా సలహా అడిగితే మెట్లు మానేసి సొరుగుల్ని విడిగా వాడండి. అడుగున, బయటి వైపు, అడ్డంగా రెండు చెక్క బద్దీలు పెట్టి పక్క పలకలకు స్క్రూలు బిగించండి. బరువు ఇక షీటు మీద కాకుండా బద్దీల మీద పడుతుంది. ఆ బద్దీలే సొరుగును నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తున నిలబెడతాయి కాబట్టి కింద గాలి ఆడుతుంది. అడుగున 12 మిల్లీమీటర్ల బిట్టుతో జానెడుకు ఒకటి చొప్పున బెజ్జాలు వేయండి. తర్వాత, ముందు చెప్పినట్టు, మట్టి పోయకుండా దాంట్లో సరిపడే ప్లాస్టిక్ ట్రేలు గానీ చిన్న కుండీలు గానీ అమర్చండి. పైనుంచి చూసేవాళ్ళకి సొరుగే కనిపిస్తుంది. చెక్కకు మాత్రం రోజంతా తడిమట్టి అంటుకుని ఉండదు.

ఎందుకంత పట్టుదల అంటే, చెక్కను కుళ్ళబెట్టేది ఒక రకం బూజు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగలేదు. వానలో తడిసి ఎండలో ఆరే చెక్క ఏళ్ళకేళ్ళు ఉంటుంది. మట్టి తగిలి ఉన్న చెక్క ఎప్పటికీ ఆరదు. వాన చేసే నష్టం తక్కువ, ఆరకపోవడం చేసే నష్టం ఎక్కువ.

లేదు, మట్టే పోస్తానంటారా? లోపలి నాలుగు గోడలకూ మందపాటి పాలిథిన్ పరిచి స్టేపుల్ కొట్టండి. అడుగున మాత్రం పరవకండి. పరిస్తే నీళ్ళు షీటుకూ చెక్కకూ మధ్య ఇరుక్కుని, ఏమీ పరవనిదానికంటే ముందే కుళ్ళుతుంది. బెజ్జాల మీద పాత దోమతెర ముక్క వేస్తే మట్టి జారిపోదు. కంకర పరవమని చాలామంది చెప్తారు, నేనూ కొన్నేళ్ళు పరిచాను. దండగ. నమ్మకపోతే ఒక దీర్ఘచతురస్రం స్పాంజిని నీళ్ళలో ముంచి, పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగిపోయాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. మట్టీ అంతే. అడుగు భాగంలో కొంత మందం ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటుంది. లోతు తగ్గేకొద్దీ వేళ్ళకు మిగిలే పొడి భాగం తగ్గుతుంది. కంకర పోస్తే ఆ తడి పొర కంకర పైకి జరిగి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. 15 సెంటీమీటర్ల సొరుగులో రెండు అంగుళాలు కంకరకు ఇచ్చేస్తే ఇంక మొక్కకు మిగిలేదేంటి? ఆ లోతులో ఆకుకూరలు, పుదీనా, కొత్తిమీర, చిన్న రకం బంతి బాగా వస్తాయి. టమాటా, వంగ పెట్టకండి. వాటికి కనీసం అడుగు లోతు కావాలి.

సొరుగులు తీసేశాక మిగిలే బల్ల చట్రం ఉంది చూశారూ, అసలు విలువ దానిదే. అది అసలు చెక్కదైతే మొక్కల పని బల్లగా పెట్టుకోండి. కుండీలు మార్చడం, నారు పోయడం, మట్టి కలపడం అన్నీ నేల మీద గొంతు కూర్చుని చేసేవాళ్ళకి, నడుం ఎత్తు బల్ల మీద నిలబడి చేయడంలో సుఖం ఒక్కరోజులో తెలుస్తుంది. మీ మోచేయి మడిస్తే ఎంత ఎత్తులో ఉంటుందో దానికి బెత్తెడు తక్కువ ఉంటే సరిపోతుంది. కోళ్ళ కింద ఇటుకలు పెట్టి సర్దుకోండి. పైన మూడు వైపులా నాలుగు వేళ్ళ ఎత్తు బద్దీ కొడితే మట్టి జారి కింద పడదు. ఒకటో రెండో సొరుగులు అలాగే ఉంచి కత్తెర, పురికొస, చేతి తొడుగులు పెట్టుకోండి. విత్తనాలు మాత్రం అందులో పెట్టకండి, బయటి వేడికీ తేమకూ మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. అవి ఇంట్లోనే ఉండాలి.

కుర్చీల విషయానికొస్తే, కూర్చునే పలకో, అల్లికో తీసేసి ఆ చోట కుండీ దించడం పాత పద్ధతే గానీ బాగా పనిచేస్తుంది. పలకలో కోసే గుండ్రం కుండీ మూతి కంటే అన్ని వైపులా ఒక వేలు తక్కువ ఉండాలి, అప్పుడు కుండీ అంచు పలక మీద ఆగుతుంది. కుండీ గాల్లో వేలాడుతుంది, నీళ్ళు నేరుగా నేల మీద పడతాయి, చెక్కకు దాదాపు తగలవు. స్పాంజి సీటుంటే పీకేయండి. ఎండకు అది పొడిపొడిగా రాలి మట్టిలో కలిసిపోతుంది, ఆ తర్వాత ఏరడం మీ తరం కాదు.

కుర్చీకి చావు రెండు చోట్ల రాసిపెట్టి ఉంటుంది. ఒకటి అతుకులు. ఇంటి లోపలికి చేసిన కుర్చీలకు వాడే మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది. ఇంకా పాత కుర్చీలైతే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు ఉండొచ్చు, అది నీళ్ళకు కరిగే పోతుంది. కుర్చీ వీపు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కిర్రుమంటే ఆ అతుకు విప్పి, పాత జిగురంతా గీకేసి, నీటికి తట్టుకునే జిగురుతో మళ్ళీ బిగించాలి. డబ్బా మీద డీ3 లేదా డీ4 అని ఉంటుంది, లేదా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడండి. లోపలి మూలల్లో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో చెక్క ముక్కలు దన్నుగా కొడితే ఇంకా మంచిది. మామూలు ఇనుప స్క్రూలు వద్దు, తుప్పు ఉబ్బి చెక్కనే చీలుస్తుంది.

రెండోది కాళ్ళ అడుగు. చెక్క పక్కల నుంచి నీళ్ళు నెమ్మదిగా ఎక్కుతాయి, కోసిన చివర నుంచి మాత్రం దీపం వత్తి నూనె పీల్చినట్టు పీల్చుకుంటుంది. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకి తీసుకెళ్ళిన గొట్టాలే అవి. అందుకే కుర్చీ కుళ్ళడం ఎప్పుడూ కింద నుంచే మొదలవుతుంది. నేను చేసేది చెప్తాను. నాలుగు డబ్బా మూతలు తీసుకుని, ఒక్కోదాంట్లో వేలి కణుపంత లోతు ఎపాక్సీ పోసి, కాళ్ళను అందులో నిలబెట్టి పది నిమిషాలు పీల్చుకోనిస్తాను. తర్వాత తీసి మిగిలింది తుడిచేసి, కుర్చీని బోర్లించి రాత్రంతా గట్టిపడనిస్తాను. మూతల్లో గట్టిపడే దాకా వదిలేస్తే కాళ్ళు మూతలతో సహా వస్తాయి, అదీ జరిగింది. ఎపాక్సీ లేకపోతే కాళ్ళ అడుగున నాలుగైదు సార్లు పెయింటు, ఒకటి పీల్చుకున్నాక ఇంకొకటి కొట్టండి. తోటలో పెట్టేటప్పుడు ప్రతి కాలి కిందా చదును రాయి గానీ మందపాటి రబ్బరు ముక్క గానీ ఉండాలి. నా దగ్గర ఒకే జత కుర్చీల్లో ఒకదానికి ఇదంతా చేశాను, రెండోదానికి బద్ధకించాను. రెండోది రెండు వానాకాలాలకే రెండు వేళ్ళ మేర పొట్టిదైంది. మొదటిది తొమ్మిదేళ్ళుగా ఉంది.

ఇనుప మంచం మీకున్న వాటిలో బంగారం లాంటిది. తల వైపు కమ్మీల చట్రం విప్పి నిలబెడితే తీగలకు పందిరి: చిక్కుడు, కాకర, శంఖుపూలు, ఏదైనా. కానీ తీగ కమ్ముకున్నాక అది తెరచాప అవుతుంది, గాలివానకు మొత్తం ఒరుగుతుంది. అందుకని అడుగున్నర లోతు పాతిన రెండు గట్టి గుంజలకు కట్టండి. మంచం చట్రాన్ని విప్పకుండా, చుట్టూ ఇటుకల వరస పేర్చి మడి హద్దుగా కూడా వాడొచ్చు, తల వైపు తీగ, మధ్యలో ఆకుకూర. గొట్టం ఇనుముతో చేసిన మంచమైతే పైన తెరిచి ఉన్న మూతులన్నీ మూసేయండి. లేకపోతే వాన నీళ్ళు గొట్టంలోకి దిగి లోపలి నుంచి తుప్పు తింటుంది, పైకి పెయింటు నిగనిగలాడుతుండగానే ఒకరోజు విరుగుతుంది. అడుగున మాత్రం ఒక చిన్న బెజ్జం వదలండి, చేరిన చెమ్మ కారిపోవడానికి.

పాత పెయింటు గీకేముందు ఆగండి. పాత ఇనుప మంచాల మీద, పాత తలుపుల మీద ఉన్న పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. భారత్‌లో 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) పరిమితి 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. మీ మంచం అంతకు ముందుదైతే పెయింటులో సీసం ఉందనే అనుకుని పని చేయండి. పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. నీళ్ళతో తడుపుతూ తడి ఎమరీ పేపరుతో రుద్దండి, మాస్కు పెట్టుకోండి, కింద పట్టా పరిచి రాలిందంతా మూటకట్టి పారేయండి. పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఆ పొడి కూరమడిలో పడకూడదు. సీసం మట్టిలోంచి ఎక్కడికీ పోదు. ఆ తర్వాత తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక కోటు, దాని మీద ఎనామెల్ రెండు కోట్లు. ఊడని పాత పెయింటైతే అసలు గీకకుండా దాని మీదే వేసేయడం మేలు.

బీరువా గురించి. పడుకోబెట్టి తలుపులు తీసి మట్టి నింపితే పెద్ద మడి అవుతుందని మీ ఆలోచన కావచ్చు. నేల మీదైతే సరే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న బీరువాలో 700 లీటర్ల పైన పడుతుంది, తడిస్తే టన్నుకు పైమాటే. మేడ మీద అయితే ఆ ఆలోచన వదిలెయ్యండి. మనుషులు తిరిగే ఇళ్ళ పైకప్పును మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల లెక్కన కడతారు. అడుగు లోతు తడిమట్టే చదరపు మీటరుకు 450 కిలోలవుతుంది. నేల మీద పెట్టినా సగం దాకా ఎండుటాకులు, కొమ్మలు నింపి పైన మట్టి పోయండి. ఆకులు కుళ్ళి కిందికి దిగుతుంటాయి, ఏడాదికోసారి పైన మట్టి వేసుకోవాలి. ఎండ తగిలే రేకు పక్కన వేళ్ళు మాడతాయి, అటు లోపల అట్టముక్కో, చెక్కముక్కో అడ్డం పెట్టండి. నన్నడిగితే దాన్ని నిలబెట్టే ఉంచండి. ఇటుకల మీద ఎత్తి, పైభాగాన నాలుగు గాలి బెజ్జాలు వేసి, పారలూ గునపాలూ ఎరువు సంచులూ పెట్టుకోండి. తలుపు పడకపోవడానికి చాలాసార్లు కారణం నేల ఎగుడుదిగుడే. ఒక మూల కింద రేకు ముక్క పెట్టి చూడండి, అదే పడుతుంది.

ఇక పెయింటు. లోపలి సామానుకు వేసే లక్క పాలిష్ నీళ్ళు తగిలితే తెల్లగా మచ్చలు కడుతుంది. మామూలు వార్నిష్ ఎండకు పగిలి పొరలు పొరలుగా లేస్తుంది, ఆ పగుళ్ళలోంచి దిగిన నీళ్ళు మళ్ళీ బయటికి రాలేవు. అందుకే టేకులాంటి గట్టి చెక్కకు నేను ఏ పొరా వేయను, అవిసె నూనె పట్టిస్తాను. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అమ్మేది, పచ్చి నూనె కాదు. ఏడాదికోసారి మళ్ళీ పట్టిస్తే చాలు, గీకే పని ఉండదు. మెత్తటి చెక్కకు మాత్రం బయటి వాడకానికి చేసిన పెయింటే వేయాలి, ఎండను అంతగా ఆపేది ఇంకోటి లేదు. ఏది వేసినా బల్ల అడుగు, పలక వెనక, బెజ్జాల లోపలి అంచులు కూడా వదలకండి. పైన మాత్రమే వేస్తే ఒకవైపు తేమ పీల్చి పలక పడవలా వంగుతుంది. తడిసిన చెక్క మీద వేయకండి, నాలుగైదు రోజులు మంచి ఎండలో ఆరాక మొదలుపెట్టండి.

నూనె తుడిచిన గుడ్డల గురించి తప్పకుండా చెప్పాలి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. నేను ఒకసారి సాయంత్రం పని ముగించి గుడ్డలన్నీ బకెట్లో కుక్కి వెళ్ళాను. రాత్రి వాసనకు లేచి చూస్తే బకెట్లోంచి పొగ, ప్లాస్టిక్ ఒకవైపు మెత్తబడి వాలిపోయింది. అప్పటి నుంచి గుడ్డలు ఒక్కొక్కటీ విప్పి బయట తీగ మీద ఆరేస్తాను, లేదా నీళ్ళు నిండిన డబ్బాలో వేసి మూత పెడతాను.

ఎన్నాళ్ళు నిలుస్తాయన్నారు కదా. నా అనుభవంలో, చూరు కింద ఉంచిన టేకు కుర్చీ పదేళ్ళకు తగ్గదు. ఆరుబయట మెత్తటి చెక్క రెండు మూడేళ్ళు. మట్టి పోసిన సొరుగు రెండేళ్ళు, ట్రే పెట్టిన సొరుగు ఐదారేళ్ళు. ఇనుము అయితే తుప్పు చుక్క కనిపించిన రోజే గీకి పెయింటు వేసేవాళ్ళ దగ్గర అది వాళ్ళకంటే ఎక్కువ కాలం ఉంటుంది. ముందు మంచంతో మొదలుపెట్టండి, పాడయ్యేది ఏమీ లేదు, చేయి తిరుగుతుంది. ఆ తర్వాత కుర్చీల్లో ఒకటి. సొరుగుల బల్ల అసలు చెక్కా కాదా తేలేదాకా దాని మీద రంపం పెట్టకండి. టేకుదే అయి, ఎక్కడా పుచ్చు లేకపోతే తోటలో పెట్టకుండా వడ్రంగిని పిలిచి బాగుచేయించుకుని ఇంట్లోనే వాడుకోండి.